స్కానర్‌లో కోడ్ రాకపోతే బ్రేకులు బాగున్నట్టేనా?

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరడం లేదు, కారుకు తగిలించి లోపాల కోడ్‌లు చదవడానికి కొత్తగా కొన్న బ్లూటూత్ స్కానర్ మాత్రం లోపమేమీ లేదంటోంది, దేన్ని నమ్మాలి అని అడిగారు. లైటునే నమ్మండి.

తక్కువ ధరకు దొరికే ఈఎల్‌ఎం327 రకం స్కానర్లు, వాటితో వాడే మామూలు యాప్‌లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌నే పలకరిస్తాయి. ఏబీఎస్‌కు వేరే కంప్యూటర్ ఉంటుంది. ఇంజిన్ కోడ్‌లు ‘పీ’తో, బ్రేకుల కోడ్‌లు ఎక్కువగా ‘సీ’తో మొదలవుతాయి. ఏబీఎస్‌ను అడగనే అడగని యాప్ అంతా బాగుందని చెబితే దానికి విలువ లేదు. మీ మోడల్‌లో ఏబీఎస్‌ను చదవగలిగే స్కానర్ ఉన్న గ్యారేజ్‌కు వెళ్లండి.

ఇక్కడ బెంగళూరులో నా కారుకూ వానాకాలంలోనే ఈ లైటు వెలిగింది. సరైన స్కానర్ పెడితే సీ0035 వచ్చింది. ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్ అని దాని అర్థం. గ్యారేజ్‌లో వెంటనే సెన్సర్ మార్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి. లోపం సెన్సర్‌లో ఉండవచ్చు, వైరులో ఉండవచ్చు, కనెక్టర్‌లోనూ ఉండవచ్చు. కారు విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకు వెళ్లి సెన్సర్ కొనుక్కొచ్చినంత మాత్రాన తెగిన వైరు అతుక్కోదు కదా!

అందుకే లైవ్ డేటా, అంటే కారు నడుస్తుండగా సెన్సర్లు చూపే అంకెలు, చూడమని పట్టుబట్టాను. ఖాళీ రోడ్డు మీద మెకానిక్ పక్కన కూర్చుని స్కానర్ చూస్తుంటే నేను నెమ్మదిగా నడిపాను. నాలుగు చక్రాల వేగమూ ఇంచుమించు ఒకేలా చూపించింది. స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు మాత్రం ముందు ఎడమ చక్రం వేగం ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. అంటే వైరు లాగినప్పుడల్లా కనెక్షన్ పోతోంది. చక్రం విప్పి చూస్తే వైరును పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోయి ఉంది, కనెక్టర్ లోపల పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టింది. శుభ్రం చేసి, క్లిప్పు బిగించి, కోడ్ చెరిపేశాక మళ్లీ నడిపి చూశాం. సున్నా మళ్లీ కనిపించలేదు. కోడ్ చెరిపే ముందు దాన్ని తప్పకుండా రాసి పెట్టుకోండి. చాలాచోట్ల ముందు చెరిపేసి తర్వాత వెతుకుతారు, అప్పటికి ఆధారం పోతుంది.

ఇంకో మాట. ప్యాడ్లు ఎంత అరిగాయో, డిస్కు వంకర పోయిందో, బ్రేక్ ఆయిల్‌లో తేమ చేరిందో మన దగ్గరి మామూలు కార్లలో స్కానర్ చెప్పదు. అవి విప్పి, కొలిచి చూడవలసినవే.

ఏబీఎస్ లైటు ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని కారు జారవచ్చు. దూరం పాటించి మెల్లగా నడపండి. హ్యాండ్ బ్రేక్ దించినా ఎర్రటి బ్రేక్ లైటు కూడా వెలుగుతుంటే మాత్రం కారు కదపకండి. ముందు బ్రేక్ ఆయిల్ మట్టం చూసి, మెకానిక్‌నే మీ దగ్గరికి పిలిపించుకోండి.