మాస్క్ గొడవ: రోడ్డుకి అటొక రూలు, ఇటొక రూలు

కరోనా టైములో అమెరికాలో మాస్క్ కూడా పార్టీల గొడవ ఎందుకైంది, ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరుగా ఎందుకుంది అని అడిగారు. అప్పుడు మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో ఉండేవాళ్ళం. ఎర్ర రాష్ట్రాలు (రిపబ్లికన్లవి), నీలం రాష్ట్రాలు (డెమోక్రాట్లవి) అంటూ టీవీలో మ్యాపు చూసి చెప్పే జవాబులంటే నాకు ఒళ్ళు మంట. మా దగ్గర జరిగిన గొడవ గవర్నరుకీ కౌంటీలకీ (మన జిల్లాల్లాంటివి) మధ్య. అదీ ఒకే రాష్ట్రంలో.

2020 జూన్ నెలాఖరులో పప్పులు, బియ్యం కోసం రిచర్డ్‌సన్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను. మాస్క్ ఉంటేనే లోపలికి రమ్మని తలుపు మీద కాగితం అంటించారు. నా ముందు ఒక పెద్దాయన, మనవాళ్ళే. కొడుకు దగ్గరికి వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఇరుక్కుపోయారట.

"అంకుల్, మాస్క్ పెట్టుకోండి ప్లీజ్" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు.

"నిన్న ప్లేనోలో కొట్టుకెళ్ళాం బాబూ, ఎవరూ అడగలేదే!"

"అది కాలిన్ కౌంటీ అంకుల్. ఇది డాలస్ కౌంటీ. మొన్నే ఆర్డరేశారు. మిమ్మల్ని అడక్కపోతే ఫైన్ మాకు పడుతుంది."

"అంటే కరోనాకి కౌంటీ బోర్డర్ ఎక్కడుందో తెలుసా?"

క్యూలో అందరం నవ్వేశాం. ఆయన భార్య మాత్రం చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "వాదనలెందుకండీ" అంటోంది. ఇంతలో కొడుకు వచ్చాడు. "మాస్క్ లేదని జనానికి ఫైన్ వెయ్యకూడదని గవర్నరే చెప్పాడు. నువ్వెవరు ఆపడానికి?" అని కుర్రాడి మీదికెళ్ళాడు. వెనక నుంచి ఒకావిడ న్యూజెర్సీలో వాళ్ళ అక్క పడిన అవస్థ చెప్పి అతన్ని కడిగేసింది. చివరికి ఆ కుర్రాడే వాళ్ళ లిస్టు తీసుకుని సరుకులన్నీ కారు దాకా మోసుకెళ్ళి ఇచ్చాడు. గొడవ పెట్టుకున్నవాడికి హోమ్ డెలివరీ, రూలు పాటించిన మాకేమో అరగంట క్యూ!

తమాషా ఏంటంటే, కుర్రాడు చెప్పిందీ నిజమే, కొడుకు చెప్పిందీ నిజమే. గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఏప్రిల్ 27న ఇచ్చిన ఆర్డర్ ప్రకారం మాస్క్ పెట్టుకోలేదని మనిషికి జరిమానా వెయ్యకూడదు. శాన్ ఆంటోనియో ఉండే బేహార్ కౌంటీ జడ్జి నెల్సన్ వుల్ఫ్ జూన్‌లో ఒక సందు కనిపెట్టాడు. మనుషుల జోలికి పోకుండా, కస్టమర్లకి మాస్క్ ఉండేలా చూడమని షాపుల మీద ఆర్డరేశాడు. (అక్కడ కౌంటీ జడ్జి అంటే ప్రధానంగా పాలన చూసే మనిషి, ఎన్నికల్లో గెలిచి వస్తాడు. మన జడ్పీ ఛైర్మన్నీ కలెక్టర్నీ కలిపినట్టు.) ఆ వీలు నా ఆర్డర్‌లో మొదట్నుంచీ ఉందిగా అన్నాడు గవర్నర్! డాలస్ కౌంటీ కూడా అదే దారి పట్టింది. తీరా జూలై 2న, 20 కేసులు దాటిన కౌంటీలన్నిట్లో మాస్క్ తప్పనిసరి అని ఆబట్టే ఆర్డరిచ్చాడు. మరి అంతకుముందు రెండు నెలల గొడవ ఎవరికోసం?

దానికి నేను చెప్పే కారణం ఒకటే. అక్కడ రోగం కన్నా ముందు అభిప్రాయం వచ్చేసింది. మార్చి, ఏప్రిల్‌లలో న్యూయార్క్, న్యూజెర్సీ అల్లాడుతుంటే మా చుట్టుపక్కల చాలామంది అది ఆ ఇరుకు సిటీల జబ్బనుకున్నారు. మాస్క్ కట్టుకోమని సీడీసీ (అక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ) ఏప్రిల్ 3న చెప్తే, అదే రోజు అప్పటి ప్రెసిడెంట్, రిపబ్లికన్ ట్రంప్ నేను కట్టుకోననేశాడు. ఆయన మాస్క్‌తో బయట కనబడింది జూలై 11న. ఈలోపు జబ్బు టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాలకి వచ్చేసింది. అప్పటికే ఎవరి పక్షం వాళ్ళకి ఖాయమైపోయింది. చలికాలం ముందు ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల వంతు వచ్చింది, అక్కడా ఇదే కథ. స్వేచ్ఛ, రాజ్యాంగం అన్నవి తర్వాత అతికించిన మాటలు.

మా కాలిన్ కౌంటీలో 2016 ప్రెసిడెంట్ ఎన్నికల్లో ట్రంప్ ఆధిక్యం సుమారు 17 శాతం పాయింట్లుంటే, 2020లో నాలుగు చిల్లరకి పడింది. మాస్క్ గొడవ వల్లే పడిందని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్ళు జూన్‌లో ఆ కొట్లో క్యూలో నిలబడి ఉండాల్సింది.

ఇక 2020 ఎన్నికల డిబేట్లు. సెప్టెంబర్ 29న క్లీవ్‌ల్యాండ్‌లో తన మీద పోటీ చేస్తున్న బైడెన్ మాస్క్‌ని ట్రంప్ ఎగతాళి చేశాడు. ఆ వారం తిరక్కుండానే తనకే పాజిటివ్. విజయవాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ ప్రెసిడెంట్‌కి వచ్చిందటగా, మీరు జాగ్రత్త" అంది. ఆయనేదో మా పక్కింట్లో ఉన్నట్టు.

నాకు ఒళ్ళు మండింది మాత్రం మరో విషయానికి. అక్టోబర్ 1న ఆబట్ కౌంటీకి ఒక్కచోటే పోస్టల్ ఓట్లు చేత్తో ఇవ్వచ్చన్నాడు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 47 లక్షల మందికి ఒక్క చోటు. వంద మంది కూడా లేని లవింగ్ కౌంటీకీ ఒక్క చోటు. అరవై అయిదు దాటినవాళ్ళు కరోనాలో ఎంత దూరం డ్రైవ్ చేస్తారు? మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద ఒక్క మెసేజ్ లేదు. అక్టోబర్ 7న వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థుల డిబేట్‌లో, కమలా హారిస్‌తో వాదిస్తున్న ట్రంప్ వైస్ ప్రెసిడెంట్ మైక్ పెన్స్ తల మీద ఈగ వాలినప్పుడు మాత్రం తెల్లారేదాకా ఫోన్ మోగుతూనే ఉంది.