సీటీ స్కాన్‌లో గుండె రక్తనాళంలో 70 శాతం బ్లాక్ ఉందంటే స్టెంట్ తప్పదా?

తప్పనిసరేం కాదు, సీటీ యాంజియో (గుండె రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) పూడిక ఎక్కడ, ఎంత పొడవున ఉందో చూపిస్తుంది, కానీ దానివల్ల గుండెకు రక్తం తగ్గిందో లేదో ఆ శాతం ఒక్కటే తేల్చదు. రక్తనాళంలో పేరుకున్న కాల్షియం, స్కాన్‌లో తెల్లగా మెరిసి అసలు కన్నా లావుగా కనిపిస్తుంది. గుండె నిమిషానికి 65 సార్లకు మించి కొట్టుకుంటే బొమ్మా చెదురుతుంది, అందుకే ముందుగా గుండె వేగం తగ్గించే మాత్ర ఇస్తారు.

అమలాపురంలో స్కాన్ తీయించుకుని కాకినాడ క్యాథ్‌ల్యాబ్‌కు (యాంజియోగ్రామ్ చేసే గది) వెళ్లిన మనిషినే తీసుకోండి. మణికట్టు నుంచి సన్నటి తీగ పంపి, బ్లాకుకు ముందూ వెనకా రక్తపీడనం కొలిచి, వెనకటిదాన్ని ముందటిదానితో భాగిస్తే నిష్పత్తి 0.86 వచ్చిందనుకుందాం. 0.80 దాటితే సాధారణంగా మందులే చాలు.

"స్కాన్ అయ్యాక మళ్లీ తీగ పంపి యాంజియోగ్రామ్ చేయాల్సి వస్తే స్కాన్ దండగే" అనుకుంటారు. కాదు. స్టెంట్ పొడవు, వ్యాసం, కాల్షియం అరగదీసే పరికరం కావాలా, ఎక్స్‌రే ఏ కోణంలో పెట్టాలి అన్నవి దాన్నిబట్టే ముందుగా అంచనా వేసుకోవచ్చు. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, స్కాన్ సీడీ తప్పక పట్టుకెళ్లండి.