ఊహానగరానికి చరిత్ర కట్టడం: ఒక యువ రచయితకు లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి బాబుకి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన పటం, కథ రెండూ చూశాను. పటం ముచ్చటగా ఉంది. నది, కోట, కోట చుట్టూ ఏడు వీధులు, ఈశాన్యాన గుడి, ఊరి చివర సంత. కథలో మాత్రం ఆ ఊరు ఎవరికీ ఒక్కసారైనా అడ్డం రాలేదు. మనుషులు ఎటు వెళ్లాలనుకుంటే అటు వెళ్లిపోయారు. ఆ లోపం నీ వాక్యాల్లో లేదు, పటంలో ఉంది. నగరమంతా ఒకే రోజున పుట్టినట్టు గీసేశావు. పేక, పాచికలతో ఊరి చరిత్ర కట్టే ఆట ఆడే గీశానన్నావు గాని, ముందే పూర్తయిన బొమ్మ మీద పాచికలు వేశావు. వేసిన పాచికకు మార్చడానికి ఏమీ లేకుండా పోయింది.

మళ్లీ మొదలుపెట్టు. ఏ3 డ్రాయింగు షీటు ఒకటి, అదే కొలత ట్రేసింగు కాగితాలు మూడు, హెచ్‌బీ పెన్సిలు, 0.3 నల్ల పెన్ను, రంగులు వేరుగా ఉన్న పాచికలు రెండు, జోకర్లు తీసేసిన పేక, రూళ్ల నోటుపుస్తకం. రబ్బరు దగ్గర పెట్టుకోకు. ఈ ఆటలో చెరపడం ఉండదు. ఎందుకో కింద చెబుతాను.

ముందు కొలబద్ద. ఒక సెంటీమీటరుకు 50 మీటర్లు పెట్టుకో. షీటు 42 సెంటీమీటర్ల పొడవు కనుక నీ లోకం ఈ చివరి నుంచి ఆ చివరికి 2.1 కిలోమీటర్లు. మామూలు నడకకు పాతిక నిమిషాలు. కొత్తవాళ్లు చాలామంది సెంటీమీటరుకు కిలోమీటరు పెట్టేస్తారు. అలా చేస్తే నగరం పోయి జిల్లా వస్తుంది, వీధి అన్నది గీతలోనే మాయమవుతుంది. తర్వాత పొడవును ఆరు భాగాలు, వెడల్పును ఆరు భాగాలు చెయ్యి. ఏడు సెంటీమీటర్లు, దాదాపు అయిదు సెంటీమీటర్ల గళ్లు ముప్ఫై ఆరు వస్తాయి. ఎర్ర పాచిక నిలువు వరస, తెల్ల పాచిక అడ్డ వరస. సంఘటన ఎక్కడ జరగాలో పాచికలే చెబుతాయి. ఇది లేకపోతే మన చెయ్యి ప్రతిదాన్నీ కోట గుమ్మం ముందే జరిపిస్తుంది.

తెల్ల షీటు మీద మొదట గీయాల్సినవి మూడే: నీరు, మెట్ట, ఒక దారి. నీరంటే నదో గెడ్డో. మెట్టంటే వరదకి మునగని నేల. దారి షీటు ఒక అంచున లోపలికొచ్చి ఇంకో అంచున బయటికి పోవాలి. కోట వద్దు, గుడి వద్దు. అవి రావాల్సినప్పుడు వస్తాయి.

చరిత్రను మూడు దశలుగా, దశకు ఎనిమిది ముక్కల చొప్పున ఆడు. మొత్తం ఇరవై నాలుగు ముక్కలు. ప్రతి విడతలో పేక ముక్క ఒకటి తియ్యి, చోటు కోసం రెండు పాచికలు వెయ్యి, కిందటి సంఘటన నుంచి ఎన్నేళ్లు గడిచాయో తేల్చడానికి ఒక పాచిక వెయ్యి. మొదటి దశలో ఒక్కో చుక్కకు అయిదేళ్లు, రెండో దశలో మూడేళ్లు, మూడో దశలో ఒక్క ఏడాది. సగటున లెక్కేస్తే 140, 84, 28, అంటే రెండున్నర వందల ఏళ్ల చరిత్ర. పాత కాలం పల్చగా, కథ జరిగే కాలం దగ్గర చిక్కగా ఉంటుంది. ఒక్కో విడతకు పావుగంట చాలు. ఒక సాయంత్రం ఒక దశ దాటి ఆడకు. అలసిన మెదడు ప్రతి ముక్కకూ యుద్ధమో అగ్నిప్రమాదమో రాసి పడేస్తుంది.

ఇస్పేటు నేల, నీరు. కళావరు వ్యాపారం, చేతిపని. ఆటీను జనం, వలస, భక్తి. డైమను అధికారం: శిస్తు, కచేరీ (సర్కారు ఆఫీసు), సరిహద్దు. అంకె పెద్దదయ్యేకొద్దీ మార్పు పెద్దది. జాకీ వస్తే బయటివాళ్లు వచ్చారు, రాణి వస్తే ఏదో మూతపడింది, రాజు వస్తే ఎవరో ఆజ్ఞ వేశారు, ఆసు వస్తే కొత్తది మొదలైంది. ఇస్పేటు రాజంటే ఎవరో నీటి మీద ఆజ్ఞ వేసినట్టు, అంటే ఆనకట్టో కాలువో. కళావరు రాణంటే ఒక పని చచ్చిపోయింది.

ఇస్పేట్ల దగ్గర జాగ్రత్త. ఇరవై నాలుగు ముక్కలు తీస్తే సగటున ఆరు ఇస్పేట్లు వస్తాయి. ఆరింటినీ వరదలు చేస్తే ఏ ఊరూ బతకదు. రెండు నుంచి ఆరు వరకూ నెమ్మదైన మార్పులుగా చదువు: చెరువు పూడిపోవడం, బావి నీళ్లు ఉప్పెక్కడం, మదుము (తూము) కింద మట్టి కోసుకుపోవడం. ఏడు నుంచి పది వరకే ఒక్కసారిగా వచ్చే ఆపదలు. అలాంటివి మొత్తం ఆటలో సగటున రెండు కూడా రావు. వచ్చినప్పుడు మాత్రం అవి ఎటు నుంచి ఎలా వస్తాయో సరిగ్గా తెలుసుకుని రాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి దెబ్బ ఉద్దానం కొబ్బరి, జీడి తోటల మీద పడింది. వాన దెబ్బ గజపతి జిల్లా కొండల మీద పడి చరియలు విరిగాయి, వంశధార పొంగింది. ఒకే తుపాను ఒకచోట చెట్లను కూల్చింది, ఇంకోచోట కొండనే కిందికి దింపింది. నీ పటంలో కొండ ఎటు, సముద్రం ఎటు అన్నది షీటు బయట అయినా రాసి ఉంచుకోవాలి. నెల కూడా రాయి. అక్టోబరు తుపానంటే వరి చేలోనే ఉంటుంది, కళ్లానికి చేరదు. ఆ ఏడాది వచ్చిన నష్టం పైఏడాది శిస్తు దగ్గర బయటపడుతుంది.

నది వంపును కూడా చూసి గియ్యి. వంపు బయటి ఒడ్డును నీరు కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. పడవ ఒడ్డుకు రావడానికి లోతు బయటి ఒడ్డునే ఉంటుంది కనుక రేవు అక్కడే పుడుతుంది, చివరకు కోసుకుపోయేదీ అదే. పాచిక ఆ గడికి పడి పెద్ద ఇస్పేటు వస్తే ఒక సెంటీమీటరు ఒడ్డు తీసెయ్యి, అంటే 50 మీటర్లు. అవతలి ఒడ్డున అంత నేల కలుపు. కొత్త నేల ఎవరిదన్న తగువు వెంటనే మొదలవుతుంది, దాన్ని వదిలిపెట్టకు.

ఇక నోటుపుస్తకం. ఈ ఆటకు అసలు బలం ఇక్కడే ఉంది. ది క్వయట్ ఇయర్ అనే పటాల ఆటలో 52 ముక్కలు ఏడాదిలోని 52 వారాలు. దాన్ని కొందరు కలిసి ఆడతారు, ఒకరు గీసినదాన్ని ఇంకొకరు ఇష్టపడకపోవడం వల్లనే ఆ ఊరికి ప్రాణం వస్తుంది. ఒంటరిగా ఆడేవాడికి ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ప్రతి విడతకూ మూడు వాక్యాలు తప్పక రాయాలి. ఏం జరిగింది? ఎవరికి లాభం, ఎవరికి నష్టం? నేల మీద కంటికి కనిపించేలా ఏం మిగిలింది? రెండో వాక్యం నీకు ఎదురు చెప్పే మనిషి. మూడోది రాయలేకపోతే ఆ సంఘటన పటంలోకి రాకూడదు. ‘రాజు న్యాయంగా పాలించాడు’ అన్నదానికి నేల మీద గుర్తు ఉండదు. ‘నీళ్ల వంతులు మార్చి దక్షిణపు మదుము మూయించాడు’ అంటే ఎండిన కాలువ మిగులుతుంది. ఈ వాక్యాలు మాట్లాడే తెలుగులోనే రాయి. గ్రాంథికం ఎక్కేసరికి ‘విధ్వంసం సంభవించెను’ అంటాం, ఎవరు చేశారన్నది జారిపోతుంది.

నచ్చని ముక్క వచ్చిందని మళ్లీ తియ్యకు. దశకు ఒక్కసారి మాత్రం పక్కన పెట్టుకోవచ్చు, ఎందుకు వద్దనుకున్నావో రాసి పెట్టాలి. ఏం జరగాలన్నది ముక్క నిర్ణయిస్తుంది. ఎందుకు జరిగిందన్న అధికారం పూర్తిగా నీది, కథకుడి పని అక్కడే ఉంది.

చెరపకూడదన్నది ఇప్పుడు చెబుతాను. మన రైలునే తీసుకో. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రైలు వచ్చింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులు. నౌపడలో కలిసే పెద్ద లైనుకు అయిదున్నర అడుగులు. పెట్టె ఆ పట్టాల మీద నుంచి ఈ పట్టాల మీదకు ఎక్కదు. కనుక సరుకు ప్రతి బస్తా దింపి మళ్లీ ఎక్కించాలి. మూడడుగుల తేడా అంటే కూలీలు, గోదాము, గుమాస్తా, రాత్రి కాపలా, వాళ్లందరికీ అన్నం పెట్టే ఇల్లు. 1931 నాటికి చిన్న లైను మీ గుణుపురం చేరింది. 2004లో చిన్న రైలు ఆగింది, తర్వాత లైను బ్రాడ్‌గేజి అయింది. తేడా పోయాక ఆ పని కూడా పోతుంది. నీ నగరంలో అలాంటి చోటు ఒకటి పుట్టి, మూతపడిందనుకో. చెరిపేస్తే ఖాళీ జాగా మిగులుతుంది. చెరపకుండా దాని మీద ఒక ఏటవాలు గీత గీసి, పక్కన కొత్త వాడుక రాస్తే, ఎత్తు అరుగున్న పెళ్లిమండపం వస్తుంది. బళ్ల నుంచి బస్తాలు దింపుకోవడానికి కట్టిన అరుగు అది. పెళ్లివారికి ఆ ఎత్తు ఎందుకో తెలియదు, ముసలమ్మలు మాత్రం ఎక్కలేక తిట్టుకుంటారు. నీ కథకు కావలసిన అడ్డం అదీ.

దశ మారినప్పుడల్లా కొత్త ట్రేసింగు కాగితం పరిచి దాని మీద గియ్యి. నాలుగు మూలలా కూడిక గుర్తులు పెట్టు, లేకపోతే తర్వాత మూడూ ఒకదానిమీద ఒకటి కుదరవు. ట్రేసింగు కాగితం తేమకు సాగుతుంది. మన వైపు వానాకాలంలో నాలుగు వైపులా టేపు వేస్తే మధ్యలో ముడతలు తేలతాయి. పై అంచున మాత్రమే అతికించు. పెన్నుతో గీసి ఆరనివ్వు, పెన్సిలైతే చేతికి రాసుకుపోతుంది.

జనం లెక్క కూడా ఒకసారి చూసుకో. ఒక చదరపు సెంటీమీటరంటే 2,500 చదరపు మీటర్లు, 62 సెంట్లు. గోడలు కలిసిన పొడుగాటి ఇళ్లయితే వీధి పోగా పదిహేను పడతాయి. ఇంటికి అయిదుగురంటే 75 మంది. పదివేల జనాభాకు 133 చదరపు సెంటీమీటర్లు, షీటులో తొమ్మిదో వంతు. నువ్వు మొత్తం షీటును ఇళ్లతో నింపేశావు. మరి తిండి? మనిషికి రోజుకు అర కిలో బియ్యమనుకుంటే పదివేల మందికి రోజుకు అయిదు టన్నులు, వడ్ల లెక్కన ఏడున్నర టన్నులు. బండికి 750 కిలోలంటే రోజూ పది బళ్లు ఊళ్లోకి రావాలి. ఎకరానికి టన్ను పండినా 2,700 ఎకరాలు కావాలి. నీ షీటు మొత్తం 770 ఎకరాలే. అంటే ఊరి అన్నం షీటు బయట నుంచి వస్తుంది. అందుకే నాలుగు అంచుల్లో ఏ దారిన ఏం వస్తుందో రాయి. ఆ దారి తెగిన రోజు నీ కోట ఎంత గట్టిదైనా లాభం లేదు.

మన ప్రాంతంలో రాసేవాడికి సరిహద్దు ముక్క మీద ప్రత్యేకమైన శ్రద్ధ ఉండాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలో, పాతపట్నం అటు మద్రాసు ప్రెసిడెన్సీలో అయ్యాయి. మహేంద్రతనయ నది మాత్రం పారడం మానలేదు. డైమను బొమ్మముక్క వస్తే, ఉన్న దారిని అడ్డంగా కోస్తూ గీత గియ్యి. అక్కడి నుంచి ఆ చుట్టుపక్కల గళ్లలో ఏ ముక్క పడినా ఇది గీతకు ఎటువైపు అని అడుగు. బడి భాష మారుతుంది, పెళ్లి సంబంధం మారదు. శిస్తు కట్టే కచేరీ మారుతుంది, సంత రోజు మారదు. అలాగే సంతకు కొండ దిగి చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు తెచ్చే మనుషులను వచ్చి వెళ్లే గుంపుగా మాత్రమే చూపించకు. ఆ కొండవాళ్లలో సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. వాళ్ల దగ్గర కూర్చుని విన్నాకే ఆయన రాశారు. నీ పటంలో వాళ్లు రాత్రి పడుకునే చోటు ఎక్కడ? తగువొస్తే ఎవరి అరుగు మీద కూర్చుంటారు? ఆ రెండూ గుర్తు పెట్టు.

వీధులకు పేర్లు ఆట మొదట్లో పెట్టకు. ఒక చోటు నోటుపుస్తకంలో మూడుసార్లు వచ్చాక పెట్టు, కచేరీ పిలిచేది ఒకటి, జనం పిలిచేది ఒకటి.

ఆట అయ్యాక నీ చేతిలో డెబ్బై రెండు వాక్యాలుంటాయి. వాటిని వరసగా కథలోకి దించకు, అది గెజిటీరు, అంటే సర్కారు వివరాల పుస్తకం, అవుతుంది. మూడు ట్రేసింగులూ ఒకదానిమీద ఒకటి పరిచి, వెలుతురుకు ఎత్తి చూడు. గీతలు ఎక్కువగా ఒకదాన్నొకటి తొక్కుకున్న గడి ఏదో కనిపెట్టు. కథ మూడో దశలో, ఆ గడిలోనే మొదలవ్వాలి. చరిత్రలో రెండు మూడు వాక్యాలకు మించి కథలోకి రానివ్వకు, అవీ పాత్రల కాళ్లకు తగిలేవే రావాలి. మిగతావి నీకు తెలిసి ఉంటే చాలు.

నీ పాత పటంలో నది, మెట్ట బాగున్నాయి. వాటిని మాత్రం కొత్త షీటు మీదకు దింపుకో, మిగతాది పక్కన పెట్టు. మొదటి దశ ఎనిమిది ముక్కలూ ఆడాక పటం పంపనక్కర్లేదు, నోటుపుస్తకం పంపు. ముందు రెండో వాక్యాలు చదువుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
మాస్టారు