జవాబు రాగానే ఒకసారి పైకి చూడు

చిట్టితల్లికి తాతయ్య దీవెనలు.

నువ్వు పంపిన లెక్కల పేపరు రెండుసార్లు చూశాను. సూత్రాలన్నీ సరిగ్గానే రాశావు. మార్కులు పోయింది అక్కడ కాదమ్మా.

మధ్యగతం, అంటే వరుసలో నడిమి విలువ, ఆ లెక్కే చూడు. 40 మంది పిల్లల మార్కులు: 0–10లో 3, 10–20లో 7, 20–30లో 8, 30–40లో 16, 40–50లో 6. వీటిని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే వచ్చే సంచిత పౌనఃపున్యాలు 3, 10, 18, 34, 40. సగం 20 కాబట్టి మధ్యగత తరగతి 30–40 అని నువ్వే గుండ్రం చుట్టావు. కింద జవాబు మాత్రం 21.25 అని ఉంది. 30కీ 40కీ మధ్య ఉండాల్సింది బయటికి ఎట్టా పోయింది? పై వరుసలోని 18 తీసుకోవాల్సిన చోట, అదే వరుసలోని 34 వేశావు. 20లోంచి 18 తీస్తే 2. దాన్ని 16తో భాగించి 10తో గుణిస్తే 1.25. అంటే జవాబు 31.25. రాయగానే ఒకసారి పైకి చూసి ఉంటే నీకే దొరికిపోయేది. బాహుళకానికీ, అంటే ఎక్కువసార్లు వచ్చే విలువకూ, ఇదే పరీక్ష.

శ్రేఢుల్లో నీకు ‘ఎన్ మైనస్ వన్’ దగ్గరే తడబాటు. 100 మీటర్ల చెరువుగట్టు మీద 5 మీటర్లకొక కర్ర, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నాటితే సందులు 20, కర్రలు 21. పదాలు కర్రలు, పదాంతరాలు సందులు; ఎన్ కర్రలుంటే సందులు ఎన్ మైనస్ వన్. తోచనప్పుడు గట్టు బొమ్మ గీసుకో.

ఇక గ్రాఫులు. ఇక్కడ తొందరపడొద్దు. మీ నాన్న రొయ్యల చెరువులో విసురువల వేసి కౌంట్ చూస్తాడు కదా, ఆ అంకెలు పుస్తకంలో రాసిపెట్టు. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, సగటున ఒక్కోటి 20 గ్రాములు. రొయ్య 10 గ్రాముల నుంచి వారానికి 2 గ్రాముల చొప్పున పెరుగుతోందనుకో. బరువులు 10, 12, 14, 16, 18, 20. చక్కటి అంకశ్రేఢి, గీస్తే సరళరేఖ. అవే వారాలకు కౌంట్ రాస్తే 100, 83, 71, 62.5, 56, 50 అవుతుంది. మొదటి వారం 17 తగ్గింది, ఐదో వారం 6కు మించలేదు. ఆ వక్రం చూసి ఎదుగుదల పడిపోయిందని కంగారుపడతారు. రొయ్య మాత్రం ఒకే తీరున పెరుగుతోంది. అందుకే చుక్కలు పెట్టే ముందు నిలువు అక్షం మీద ఏం కొలుస్తున్నావో, స్కేలు ఎంతో రాసుకో. నీ పేపర్లో స్కేలు రాయనందుకే ఒక మార్కు పోయింది.

సగటును కూడా ఉన్నదున్నట్టు నమ్మొద్దు. వలలో పడ్డవి సగం 10 గ్రాములవి, సగం 30 గ్రాములవి అయినా కౌంట్ 50 అనే వస్తుంది. అందులో 20 గ్రాముల రొయ్య ఒక్కటీ లేదు! మన నెల్లూరు వానలూ అంతే. ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. ఏడాది వానను 12తో భాగిస్తే వచ్చేది మే నెలకూ సరిపోదు, నవంబరుకూ సరిపోదు.

రోజుకు పది లెక్కలు వద్దు, మూడు చాలు. ప్రతిదానికీ పెన్ను పెట్టకముందే జవాబు సుమారుగా ఎంత రావచ్చో మార్జిన్లో పెన్సిల్‌తో రాయి. ఎక్కువ తేడా వచ్చినవి కొట్టేయకుండా ఉంచు. ఆదివారం నేనొచ్చాక ముందు వాటినే చూద్దాం. గ్రాఫు కాగితాలు కూడా నాలుగు తెచ్చిపెట్టుకో, మీ నాన్న కౌంట్ పుస్తకం అడిగి తీసుకో.

మీ తాతయ్య