ట్యూబింగెన్‌లో బిర్యానీ టేక్‌అవే: చిన్న షాపుకి ప్యాకింగ్ ట్యాక్స్ ఉంటుందా?

జర్మనీలోని ట్యూబింగెన్ నగరంలో మీది చిన్న షాపు కాబట్టి ప్యాకింగ్ ట్యాక్స్ ఉండదేమో అని అడిగారు, కానీ మీరు రెండు రూల్స్ కలిపేస్తున్నారండీ. ఐదుగురు పనివాళ్ళు, 80 చదరపు మీటర్ల లోపు షాపుకి మినహాయింపు అన్నది జర్మనీ దేశమంతటి చట్టంలోది. అంటే తిరిగి వాడే డబ్బాలు మీరే పెట్టక్కర్లేదు, కస్టమర్ తెచ్చుకున్న గిన్నెలో మాత్రం పోసివ్వాలి, ఆ సంగతి బోర్డు మీద రాయాలి.

ఒకసారి వాడి పారేసే డబ్బాలు, చెంచాల మీద 2022 నుంచి ఉన్న నగర పన్ను వేరు. చిన్న షాపైనా తప్పదు, కాగితం డబ్బా అయినా, చెరకు పిప్పిదైనా అంతే. డబ్బాకి 50 సెంట్లు, చెంచాకి 20. అంటే బిర్యానీ పార్సిల్ మీద 70 సెంట్లు! ఈ పన్నుని కోర్టు కొట్టేస్తుందేమో అన్నారు, కానీ 2025 జనవరిలో వెలువడిన తీర్పులో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం సరేనంది.

చెంచా అడిగితేనే ఇవ్వండి. డిపాజిట్ తీసుకుని స్టీలు డబ్బాలిస్తే పన్నే ఉండదు. గ్రేవీ కారకుండా క్లిప్పు మూతవి కొనండి.