కొమ్ము ఎరువుకు ముహూర్తం కన్నా నేల పదును ముఖ్యం

"బయోడైనమిక్ సేద్యంలో కొమ్ము ఎరువును పౌర్ణమికి చల్లాలా, అమావాస్యకు చల్లాలా? శనీ చంద్రుడూ ఎదురెదురుగా ఉన్న రోజు చూసి చల్లితే నిజంగా తేడా కనిపిస్తుందా?" అని అడిగారు. తెలియనివాళ్ల కోసం ఒక మాట: గ్రహ నక్షత్రాల నడకను కూడా చూసుకుని చేసే సేంద్రియ సేద్యం బయోడైనమిక్; ఆవు కొమ్ములో పేడ కుక్కి, నేలలో పూడ్చి మాగబెట్టి, నీళ్లలో కలిపి చల్లేది కొమ్ము ఎరువు.

పౌర్ణమికీ కాదు, అమావాస్యకూ కాదు. మీ ప్రశ్నలో మొదటి సగానికి ఇంతకు మించి జవాబు అక్కర్లేదు. రెండో సగానికి మాత్రం 2021 కార్తీక మాసంలో మా చేలో మునిగిపోయిన ఒక గొయ్యి గురించి చెప్పకుండా జవాబు ఇవ్వలేను. మదనపల్లె దగ్గర మాకు రెండెకరాల ఎర్రనేల ఉంది. ఎక్కువగా టమోటా, గట్ల వెంబడి అనపకాయ, ఒక కయ్యలో రాగి పండిస్తాము. కొమ్ము ఎరువు తయారీ నేర్చుకున్న మొదటి మూడేళ్లు గోడమీద బయోడైనమిక్ క్యాలెండరు, పక్కనే గంటల పంచాంగం తగిలించుకుని, రెండింటినీ సరిచూడకుండా విత్తనం కూడా ముట్టుకోని భక్తురాలిని నేను. కాబట్టి ఇది బయటివాళ్ల ఎగతాళి అనుకోవద్దు.

ముందుగా పౌర్ణమి, అమావాస్యల గొడవ తీర్చుకుందాం. వాట్సాప్‌లో తిరిగే సందేశాలలో పదికి తొమ్మిది శుక్లపక్షాన్నీ, చంద్రుడి ఆరోహణాన్నీ ఒకటిగా కలిపేస్తున్నాయి. చంద్రుడు పెరగడం, తరగడం వేరు. ఆకాశంలో ఉత్తరానికి ఎక్కడం, దక్షిణానికి దిగడం వేరు. సూర్యుడికి ఏడాదికి ఒకసారి వచ్చే ఉత్తరాయణ దక్షిణాయనాలు చంద్రుడికి ఇరవై ఏడు రోజులకొకసారి వస్తాయి. కొమ్ము ఎరువు నేలకు సంబంధించినది కాబట్టి చంద్రుడి దక్షిణాయనంలో, సాయంత్రం పూట చల్లమంటారు. ఆకుకూ కాయకూ సంబంధించిన కొమ్ము సిలికాను, అంటే కొమ్ములో పలుగురాయి పొడి నింపి చేసేదాన్ని, తెల్లవారుజామున చల్లమంటారు. ఇది తెలుసుకోవడానికి డబ్బు పోసి ప్రత్యేక క్యాలెండరు కొనవలసిన పని కూడా లేదు. జూన్ 21న సూర్యుడు ఉత్తరపు కొసకు చేరిన మర్నాడే మనకు ఆరుద్ర కార్తె వస్తుంది కదా. చంద్రుడు కూడా మృగశిర దాటి ఆరుద్రలో అడుగుపెట్టేసరికి తన ఉత్తరపు కొసలో ఉంటాడు, మూల నక్షత్రానికి వచ్చేసరికి దక్షిణపు కొసలో ఉంటాడు. ఆరుద్ర నుంచి మూల దాకా దిగుడు, మూల నుంచి మళ్లీ ఆరుద్ర దాకా ఎక్కుడు. యాభై రూపాయల పంచాంగంలో ఉన్న ఈ సంగతిని రెండు రోజుల శిక్షణలో వేల రూపాయలు తీసుకుని చెప్పిన పెద్దమనుషులను నేను ఎరుగుదును.

ఇక గొయ్యి సంగతి. ఈతలు ఈనిన ఆవు కొమ్ములే కావాలి, ఎద్దు కొమ్ములు పనికిరావు; మొదలు దగ్గర వలయాలున్నది ఆవు కొమ్ము, నున్నగా ఉంటే ఎద్దుది అని నేర్పారు. చచ్చిన పశువులను తీసుకుపోయే ఆయనను నెల రోజులు బతిమాలి ఇరవై కొమ్ములు సంపాదించాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా పాడి ఆవు పేడను, గట్టిగా ఉన్నది ఏరి, కొమ్ముల్లో కుక్కి, ఆ ఏడు దసరా నవరాత్రులు మొదలైన రెండో రోజు సాయంత్రం, అంటే చంద్రుడు ఇంకా దక్షిణానికి దిగుతూ ఉండగానే, అడుగున్నర లోతు గోతిలో మూతులు కిందికి ఉండేలా వరుసగా పేర్చి మట్టి కప్పాను. ముహూర్తం విషయంలో నన్ను తప్పుపట్టడానికి ఎవరికీ సందు లేదు. గొయ్యి తవ్విన చోటు మాత్రం చేను వాలుకు అడ్డంగా, ఒక చివర ఎత్తుగా, ఒక చివర పల్లంగా ఉంది. మా అత్తగారు గట్టుమీద నిలబడి చూసి, "ఏమ్మా, నీళ్లు నిలిచే తావులో పూడ్చినావే?" అన్నారు. తిథి నక్షత్రాలు లెక్కకట్టుకుని వచ్చిన నాకు ఆ మాట చెవికెక్కలేదు.

ఆ నవంబరు చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల వాళ్లకు ఎవరికీ మరపు రాదు. విశాఖ కార్తె చివర కురిసిన వానకు అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. మా చేలో పల్లపు పక్క మోకాలి లోతు నీళ్లు మూడు రోజులు కదలలేదు. మార్చిలో, ఉగాదికి ముందు, గొయ్యి తీశాము. ఎత్తు పక్కనున్న ఎనిమిది కొమ్ములను గట్టుమీద తడితే నల్లని పొడిమట్టిలాంటి ముద్ద జారిపడింది; పేడ వాసన ఏమాత్రం లేదు, తొలకరికి అడవిలో వచ్చే వాసన వచ్చింది. పల్లపు పక్కనున్న పన్నెండింటిలో పేడ ఐదు నెలల క్రితం పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే, ఆకుపచ్చగా, జిగటగా, ముక్కు మూసుకోవలసినంత కంపుతో ఉంది. ఒకే ఆవు, ఒకే పేడ, ఒకే సాయంత్రం, ఒకే చంద్రుడు. ఇరవై కొమ్ములకూ జాతకం ఒకటే. తేడా అల్లా నాలుగడుగుల వాలు. గాలి ఆడని బురదలో పేడ మాగదు, కుళ్లుతుంది. అంత చిన్న సంగతి నా క్యాలెండరులో ఎక్కడా రాసి లేదు.

అయినా నమ్మకం ఒక్కసారికి పోదు కదా. బాగా వచ్చిన ఎనిమిది కొమ్ముల ఎరువుతో ఆ జూన్‌లో చిన్న పరీక్ష పెట్టుకున్నాను. 2022 జూన్ 5 అర్ధరాత్రి దాటగానే శనీ చంద్రుడూ సమసప్తకంలోకి, అంటే ఎదురెదురుగా వస్తున్నారు, పైగా చంద్రుడు దిగుతున్నాడు. క్యాలెండరు ప్రకారం అంతకన్నా మంచి సాయంత్రం ఆ నెలలో లేదు. ఎకరాకు ఇరవై అయిదు గ్రాముల లెక్కన పదమూడు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో వేసి, కర్రతో డ్రమ్ము నడుమ అడుగు కనిపించేంత సుడి తిరిగేదాకా కుడివైపు కలపాలి, ఆ సుడిని చెదరగొట్టి ఎడమవైపు కలపాలి, అలా గంటసేపు ఆపకుండా చేయాలి. భుజాలు పడిపోయాయి. "ఆ నీళ్లకేమన్నా దిష్టి తగిలిందా, అటు తిప్పి ఇటు తిప్పి తీస్తావుండావు?" అని అత్తగారు ఒక మాట విసిరి లోపలికి వెళ్లారు. వేపమండలతో ఎకరం పొడుగునా చుక్కలు చుక్కలుగా చల్లాను. అయితే అప్పటికి మా చేలో చినుకు లేదు. బోరు మోటారు కాలిపోయి బాగుకు వెళ్లింది. నేల కాలికి చురుక్కుమంటోంది. చల్లిన చుక్క చల్లినట్టే ఆవిరైపోవడం కళ్లతో చూశాను.

రెండో ఎకరాన్ని మరో తేదీ కోసం ఆపి ఉంచాను. ఏరువాక పున్నమి మర్నాడు రాత్రి మంచి వాన పడింది. అప్పటికి చంద్రుడు మూల దాటి ఎక్కడం మొదలుపెట్టాడు, క్యాలెండరు లెక్కన కొమ్ము ఎరువుకు కాని కాలం. మరునాడు సాయంత్రం అత్తగారు చేలోకి వచ్చి, పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, నడుము ఎత్తు నుంచి కింద పడేశారు. ముద్ద చితకలేదు, గట్టిగా నిలవనూ లేదు, మూడు ముక్కలై విరిగింది. "పదును వచ్చింది, చల్లుకో" అన్నారు. నేలలో తడి ఎక్కువా తక్కువా కాకుండా సరిపోయిందని ఆ మాటకు అర్థం. చల్లాను. నలభై రోజుల తర్వాత రెండో ఎకరంలో ప్రతి సాలులో వానపాములు తోడిన మట్టి కుప్పలు. పార గుచ్చితే వెన్నలా దిగింది. మొదటి ఎకరంలో అదే వాన కురిసింది, అదే టమోటా నారు నాటాము, పార మాత్రం ఠంగుమంది. శాస్త్రవేత్తలు దీన్ని పరీక్ష అనరని తెలుసు. నాకు మాత్రం ఆ రోజుతో అనుమానం తీరిపోయింది.

నా లెక్క ఇది. ఎకరాకు పాతిక గ్రాములు పోషకం కింద ఎందుకూ చాలవు. అది ఎరువు కాదు, తోడు. పాలలో తోడు వేసే ఇల్లాలు పాలు గోరువెచ్చగా ఉన్నాయా లేదా అని వేలు పెట్టి చూస్తుంది గానీ చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడని చూడదు. నేలకు ఆ గోరువెచ్చదనమే పదును. తడి, నీడ, కొంచెం పచ్చి ఆకు ఉన్న నేలలో తోడు పడుతుంది. కాలిన నేలలో శని ఏడో ఇంట ఉన్నా, పదో ఇంట ఉన్నా పడదు.

దీనికి "మరి జర్మనీవాళ్లు ఊరికే చెబుతారా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. బయోడైనమిక్ సేద్యానికి ఆద్యుడైన రుడాల్ఫ్ స్టైనర్ 1924 జూన్‌లో అప్పటి జర్మనీలోని, ఇప్పటి పోలండ్‌లోని కోబెర్విట్స్ అనే ఊళ్లో ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చారు. కొమ్ము ఎరువు అక్కడ పుట్టిందే. కాని దుంప రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, కాయ రోజు అని మన గోడలకెక్కిన క్యాలెండరు ఆయనది కాదు. ముల్లంగి విత్తనాలను రోజుకొక మడిగా వేసి చూసిన మరియా తూన్ అనే ఆవిడది. చంద్రుడు వృషభ, కన్య, మకరాలలో ఉంటే దుంపకు, కర్కాటక, వృశ్చిక, మీనాలలో ఉంటే ఆకుకు మంచిదన్నారు ఆవిడ. మన భూతత్వ, జలతత్వ రాశులే కదా అని మురిసిపోయి ఆ పట్టికను మన పంచాంగంతో కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. మన రాశులు ముప్పై డిగ్రీల సమాన భాగాలు. ఆవిడవి ఆకాశంలో కనిపించే నక్షత్ర సమూహాల అసలు కొలతలు, కన్య పెద్దది, కర్కాటకం చిన్నది. అందుకే రెండింటికీ ఒక రోజు అటూ ఇటూ తేడా వస్తుంది. రోజు తప్పితే పంట తప్పుతుందని నమ్మేవాళ్లు ముందు ఏ రోజో తేల్చుకోవాలి కదా! హార్ట్‌ముట్ స్పీస్ అనే పరిశోధకుడు జర్మనీలోనే చాలా ఏళ్లు విత్తి చూసినా రాశుల ప్రభావం తూన్ చెప్పినట్టు నిలకడగా కనిపించలేదు. ఇక స్విట్జర్లాండులో బాసెల్ దగ్గర 1978 నుంచి నడుస్తున్న పెద్ద ప్రయోగాన్ని చూపించి చంద్రుడి మహిమ రుజువైందని చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. అక్కడ పోల్చింది మొత్తం సేద్య పద్ధతులను. సేంద్రియ, బయోడైనమిక్ మడులలో నేల జీవం మెరుగ్గా ఉందని, దిగుబడి సుమారు ఇరవై శాతం తగ్గిందని తేలింది. చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నది అక్కడి ప్రశ్నే కాదు.

ఇలా అన్నంత మాత్రాన మన కార్తెలు కూడా మూఢనమ్మకమే అంటే ఒప్పుకోను. కార్తె చంద్రుడిది కాదు, సూర్యుడిది. సూర్యుడు ఒక నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటాడు, ఏడాదికి ఒక్కసారే వస్తాడు. కాబట్టి రోహిణికి రోళ్లు పగిలే ఎండ, మృగశిరకు చల్లబడడం, ఆరుద్రకు అదను అని చెప్పగలిగారు. చంద్రుడు అదే ఆరుద్రకు ఏడాదికి పదమూడుసార్లు వస్తాడు. సంక్రాంతి చలిలోనూ వస్తాడు, నడి వేసవిలోనూ వస్తాడు. వాటిలో ఏ రాకకు వాన ఉందో అతనికేం తెలుసు? "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అన్నవాళ్లు రెండు మాటలు వాడింది ఊరికే కాదు. అదను ఆకాశంలో చూసుకోవచ్చు, పదును మాత్రం చేత్తో పట్టుకుని చూడాలి.

ఆచరణలో ఉన్న చిక్కు ఇంకొకటి. రాహుకేతువుల రోజులు వదలాలి, చంద్రుడు భూమికి బాగా దగ్గరైన రోజు వదలాలి, గ్రహణం వదలాలి, ఆరోహణం వదలాలి. మిగిలిన వారంలో కూలీలు దొరకాలి, పగటిపూట తొమ్మిది గంటల కరెంటు సరిగ్గా రావాలి, ఊళ్లో పెళ్లి ఉండకూడదు. కూలీలు సోమవారం వస్తామంటే చంద్రుడు గురువారం రమ్మంటాడు. సొంత మనుషులతో, సొంత నీళ్లతో చేసుకునే పెద్ద తోటలకు చెల్లుతుందేమో గానీ, మా బోటి రెండెకరాల వాళ్లకు ఆ వరసన వెళితే నారు ముదిరిపోతుంది. అన్ని గ్రహాలూ కలిసొచ్చినా కోతనాటి మండీలో టమోటా బాక్సు ధర చెప్పగలిగిన గ్రహం ఇంతవరకు నాకు కనబడలేదు, అది వేరే బాధ.

కాబట్టి మీరు మొదలుపెట్టేటట్టయితే అక్టోబరులో, నీళ్లు నిలవని గట్టుమీద, చెట్ల వేళ్లు లేని చోట పూడ్చండి, మార్చిలో తీయండి, పేడ వాసన వస్తే ఇంకా మాగలేదని మళ్లీ కప్పెయ్యండి. తీసినది మట్టి కుండలో పెట్టి, చుట్టూ కొబ్బరి పీచు వేసి, తడి ఆరకుండా నీడలో ఉంచండి. చల్లేటప్పుడు వాన పడిన మరునాటి సాయంత్రం, ఆనాడు చంద్రుడు దిగుతూ ఉంటే సంతోషం, ఎక్కుతూ ఉన్నా ఆగకండి. నా ఇరవై కొమ్ములలో ఇప్పటికి పదకొండు మిగిలాయి, మిగతావి చివరలు పెచ్చులూడి పగిలిపోయాయి. ఈసారి గొయ్యి ఎక్కడ తవ్వాలో చూపించడానికి అత్తగారే ముందు నడిచారు; పార నా చేతికిచ్చి, తవ్వబోయే చోట బిందెడు నీళ్లు కుమ్మరించి, అవి పూర్తిగా ఇంకేదాకా నన్ను తవ్వనివ్వలేదు.