స్టెప్పులు నేర్పని డ్యాన్స్ క్లాసు వల్ల పిల్లలకు లాభం ఏంటి?

మా పాప బడికి ఒక డ్యాన్స్ టీచరు నెలపాటు వస్తారట, స్టెప్పులు మాత్రం నేర్పరట, మరి దేనికి అని అడిగారు. హైదరాబాద్ బడుల్లో, బస్తీ కమ్యూనిటీ హాళ్లలో నేను చేసేది ఆ పనే కాబట్టి చెప్తున్నాను. లాభం ఉందండీ, స్టెప్పులు నేర్పే క్లాసు కంటే ఎక్కువే ఉంది.

మూసీ పక్కన ఒక సర్కారు బడి, ఏడో తరగతి. గదిలో బెంచీలు జరిపే చోటు లేక, పొద్దున ప్రేయర్ చేసే గచ్చు మీదే క్లాసు పెట్టుకున్నాం. మొదటిరోజు అందరిదీ ఒకటే మాట, "మేడం, స్టెప్పు చూపియ్యున్రి." నేను చూపించను. వచ్చింది చెయ్యమంటే, వెనక నుంచి ఒక పిల్లాడు తీన్‌మార్ అందుకున్నాడు. బోనాలకీ నిమజ్జనానికీ డప్పుల ముందు ఎగిరే మన తీన్‌మారే. బ్రహ్మాండంగా వేస్తాడు. అదే తీన్‌మార్ కాళ్లు కదపకుండా వెయ్యమన్నాను. కాసేపు ఆలోచించి దరువంతా భుజాల్లోకి తెచ్చుకున్నాడు. ఈసారి మోకాలి లోతు బురదలో ఉన్నావనుకొని వెయ్యి అన్నాను. "డప్పు లేకుండ, గంత మెల్లగ ఎట్ల మేడం?" అన్నాడు. దరువు లోపల లెక్కపెట్టుకోమన్నాను.

నడుం కిందికి దిగింది. మడమ లేవడానికే నాలుగు దరువులు పట్టింది. కాలు ఊడబెరికి ఇంకోచోట వేసేసరికి మెడ నరాలు తేలాయి. పక్కనున్న అమ్మాయి ఎవరూ చెప్పకుండానే వెళ్లి అతని మోచెయ్యి పట్టుకుంది, ఆమె కాలూ దిగబడింది. ఇంకొకడు రెండు చేతులూ పైకెత్తి తల మీద టీవీ పెట్టుకున్నట్టు నడిచాడు. ఒకమ్మాయి లేని తమ్ముణ్ని చంకనెత్తుకుంది. 2020 అక్టోబరు వరదల్లో వాళ్ల బస్తీ మునిగింది. నేను బురద అన్నాను, వరద వాళ్లు తెచ్చారు. ఏ సినిమా పాటకు ఎన్ని స్టెప్పులు నేర్పితే ఇది వస్తుంది చెప్పండి?

ఇది నా సొంత పద్ధతేమీ కాదు. జర్మనీ వదిలి ఇంగ్లండ్ చేరిన నృత్య గురువు రుడాల్ఫ్ లాబన్ 1948లోనే బడుల్లో నేర్పే నృత్యం గురించి పుస్తకం రాశాడు. బరువు, కాలం, స్థలం, ప్రవాహం, ఈ నాలుగింటితో ఏ కదలికనైనా మార్చి చూడమంటాడు. నేను చిన్నప్పటి నుంచి కూచిపూడి చేసినదాన్ని, అందులోని అడవులు (కాళ్లూ చేతులూ కలిపి వేసే మూల కదలికలు), జతులు (నోటితో పలికే తాళం ముక్కలు) అంటే ప్రాణం. అయినా నలభైమంది ఉన్న తరగతికి మొదట ఇవ్వాల్సింది అడవు కాదని గట్టిగా చెప్తాను. అడవు సరిగ్గా రాని పిల్ల మొదటి వారమే తనకు డ్యాన్స్ రాదని తేల్చేసుకుంటుంది. బురదలో నడవడం రాదని ఎవరూ అనరు.

నా కోపమంతా వార్షికోత్సవాల మీద. రెండో తరగతి పిల్లలకు పెద్దవాళ్ల ఐటం సాంగులు, అద్దె డ్రెస్సులు, లిప్‌స్టిక్, చివరికి ముందు వరుసలో ఎవరుండాలని అమ్మానాన్నల తగాదా. మాలాంటి వాళ్లను పిలిచినా నాలుగో రోజుకే "మేడం, షో ఎప్పుడు?" అంటారు. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టించి, ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి, సర్టిఫికెట్లు పంచేవాళ్లూ ఉన్నారు. ఒక్కరోజులో పిల్లల సిగ్గు కూడా పోదు. ప్రతి బడీ, స్కూల్ కాంప్లెక్సూ కళాకారులను తమ దగ్గర ఉంచుకునే ప్రయత్నం చెయ్యాలని జాతీయ విద్యా విధానం 2020లో స్పష్టంగా రాశారు. బడిలో మాత్రం పరీక్షలు దగ్గరపడగానే మొదట పోయేది మా పీరియడే, లెక్కల సారు పట్టుకుపోతారు. డబ్బు మాటెత్తితే సేవ కదా అంటారు. కరెంటు మిస్త్రీని అలా అడుగుతారా?

బస్తీ హాల్లో ఆడవాళ్లతో చేసినప్పుడు ఇది ఇంకా తేలిక, ఎందుకంటే బతుకమ్మ ఆటలో వంగడం, చప్పట్లు, వలయం అన్నీ వాళ్ల ఒంట్లోనే ఉన్నాయి. ముఖాలు బయటికి తిప్పి ఆడమంటే చాలు, ఒకరినొకరు చూడకుండా చప్పట్లు ఎలా కలపాలో వాళ్లే తేల్చుకుంటారు.

మీ పాప విషయానికొస్తే, బడివాళ్లను రెండు అడగండి. క్లాస్ టీచరు కూడా పిల్లలతో కలిసి చేస్తారా, చివర్లో షో తప్పనిసరా అని. టీచరు చేస్తే నెల తర్వాత కూడా అది బడిలో మిగులుతుంది. షో తప్పనిసరైతే రెండో వారం నుంచే స్టెప్పులు మొదలవుతాయి, అప్పుడు వద్దనండి. లేకపోతే తప్పకుండా పంపండి. తెల్ల యూనిఫాం వేసే రోజు క్లాసుంటే మాత్రం ఇంకో జత ఇచ్చి పంపండి, నేల మీద దొర్లాల్సి ఉంటుంది.